బీరువాలో బంతులు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న సోమవారం మీ జిల్లా పేజీ తెరిస్తే పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాలు మూడు కనిపించాయి. ఒకటి చండూరుది, ఒకటి దేవరకొండది, మూడోది మిర్యాలగూడ వైపు ఊరిది. ఊరి పేర్లు తీసేస్తే మూడూ ఒకే ఫొటో. వెనక ఫ్లెక్సీ, ముందు కుర్చీల్లో శాలువాలు కప్పుకున్న సార్లు, వాళ్ల వెనక ఒకే రంగు చీరల్లో ఆడవాళ్లు, ఒకే రంగు చొక్కాల్లో పొట్టలు లోపలికి పీల్చుకున్న మగవాళ్లు. ఎగతాళి చేయడానికి రాయట్లేదు, కొన్నాళ్ల కింద నేనూ అట్లాంటి ఫొటోలో నిలబడ్డదాన్నే. నేను చెప్పాలనుకున్నది ఆ ఫొటో దిగాక బడిలో ఏం జరుగుతుందో, ఆ సంగతి.

మాది మర్రిగూడ మండలంలో ఒక ఊరు. అక్కడి సర్కారు హైస్కూల్లో 1999లో పదో తరగతి పూర్తి చేశాం (పాసైనోళ్లు సగమే లెండి). ఇప్పుడు మా బ్యాచ్‌లో ఎక్కువ మంది ఎల్బీనగర్, హయత్‌నగర్ చుట్టుపక్కలే ఉంటున్నారు, నేను వనస్థలిపురంలో చిన్న టైలరింగ్ షాపు నడుపుకుంటున్నా. 2024 ఎండాకాలంలో పాతికేళ్ల పండుగ చేసుకున్నాం. హాలు, భోజనాలు, డ్రోన్ కెమెరా, శాలువాలు, మెమెంటోలు అన్నీ పోగా పద్దెనిమిది వేలు మిగిలితే, బడికి ఏదైనా ఇద్దామని ఆటల కిట్టు కొన్నాం. రెండు వాలీబాళ్లు, ఒక నెట్టు, రెండు ఫుట్‌బాళ్లు, రింగులు, స్కిప్పింగ్ తాళ్లు, ఒక క్యారం బోర్డు, ఒక డిస్కస్ (పోటీల్లో విసిరే బరువు బిళ్ల). ఆ డిస్కస్ ఎవరు ఎందుకు కొన్నారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు. చప్పట్ల మధ్య హెడ్‌మాస్టర్ గారి చేతికి ఇచ్చాం, గ్రూపులో ఫొటోలు పెట్టుకున్నాం, అయిపోయింది.

ఏడాది తర్వాత మా అన్న కొడుకు టీసీ పని మీద బడికి పోయాను. హెడ్‌మాస్టర్ గారి టేబుల్ మీద ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగరకుండా బరువు పెట్టి ఉంది, చూస్తే మా డిస్కసే. నాకు నవ్వొచ్చింది, కాసేపటికి నవ్వు పోయింది. బీరువా తెరిపించి చూస్తే వాలీబాళ్లు ప్లాస్టిక్ కవర్లోనే ఉన్నాయి, గాలి దిగిపోయి ముసలోళ్ల బుగ్గల్లాగా అయ్యాయి. నెట్టుకు కట్టిన దారం కూడా విప్పలేదు.

ఆయన దాచుకున్నది ఏం లేదు, ఉన్నదున్నట్టు చెప్పారు. "స్టాక్ రిజిస్టర్‌ల ఎక్కిచ్చినమమ్మా. పోయినా పలిగినా రేపు లెక్క నేను చెప్పాలె. ఆడిపియ్యనీకి పీఈటీ సారు లేడు, ఆయన బదిలీ మీద పోయి ఏడాదాయె. పోరగాళ్లకు ఇస్తే రెండు దినాలల్ల కంపల వడ్తది." ఇంతే. బంతి వాడితే అరుగుతుంది, అరిగితే లెక్క చెప్పాలి, వాడకపోతే ఏ లెక్కా చెప్పక్కర్లేదు. మేం ఇచ్చిన సామాను ఆయనకు సాయం కాకపోగా ఒక కొత్త టెన్షన్ అయి కూర్చుంది. కొనే ముందు మాలో ఒక్కరం ఫోన్ చేసి "సార్, మీకేం కావాలి" అని అడగలేదు, అది మా తప్పే, ఆయన తప్పు కాదు.

ఇంటికొచ్చాక దీని గురించి కొంచెం వెతికాను. సమగ్ర శిక్ష కింద ఆట సామాన్లకు ఏడాదికి ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నతకు 10,000, హైస్కూలుకు 25,000 రూపాయల దాకా గ్రాంటు ఉంది. అంటే బంతులకు ఎంతో కొంత సర్కారు దారి ఉంది. ఇక లేనిది మనిషి. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు వేస్తే అందులో పీఈటీవి 182, అదీ రాష్ట్రం మొత్తానికి. ఒక్క మా జిల్లాలోనే ఎన్ని బడులున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

తర్వాత గ్రౌండు. 2022 మార్చి 8న వనపర్తిలో అప్పటి ముఖ్యమంత్రి మొదలుపెట్టిన సర్కారు బడులు బాగుచేసే 'మన ఊరు మన బడి' పథకంలో పన్నెండు పనులుండేవి. మరుగుదొడ్లు, కరెంటు, తాగునీళ్లు, బల్లలు, రంగులు, మరమ్మతులు, రాసే బోర్డులు, ప్రహరీ, వంటగది, కొత్త గదులు, భోజనాల హాలు, డిజిటల్ పాఠాలు. అన్నీ కావాల్సినవే, కాదనను. కానీ పన్నెండులో ఆటస్థలం లేదు. గోడ కట్టమన్నారు, గోడ లోపల నేల సంగతి ఎవరూ రాయలేదు. విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో చూస్తే ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలనే ఉంది మరి. అదే 'మన ఊరు మన బడి'లో దాతలకు 10 లక్షలిస్తే గదికి పేరు, కోటి ఇస్తే బడికే పేరు అన్నారు. పేరు పెట్టుకోవడానికి గది దొరుకుతుంది, గోడ దొరుకుతుంది, పోటీలకు పోయే పిల్లల బస్సు కిరాయి మీద ఎవరి పేరు రాస్తారు? అందుకే దానికి ఎవరూ ఇవ్వరు. అదే ఏడాది ఊరూరా 'తెలంగాణ క్రీడా ప్రాంగణం' అని బోర్డులు పాతారు. మా ఊళ్లో ఆ బోర్డు ఇంకా ఉంది, దాని కింద సర్కారు తుమ్మ బోర్డు ఎత్తుకు పెరిగింది.

ఇక్కడ మా కాలం మాట ఒకటి చెప్పాలి. మర్రిగూడ అంటే రాష్ట్రంలో చాలామందికి ఫ్లోరైడే గుర్తొస్తుంది. మా క్లాసులో పళ్ల మీద గోధుమ రంగు చారలు లేనోళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బోరు నీళ్లే తాగి పెరిగాం. నా పక్క బెంచీ అమ్మాయికి ఏడో తరగతికే మోకాళ్లు వంగేవి కావు, ఆటల పీరియడ్‌లో ఆమె మా చెప్పులకు కాపలా కూర్చునేది. రోజూ ఆమే. మేం ఖోఖో ఆడుతుంటే ఎవరు ఔటయ్యారో మాకంటే ముందు ఆమెకే తెలిసేది, అక్కడి నుంచే అరిచేది. ఈ మధ్య బడికి పోయినప్పుడు నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది పిల్లల కాళ్లు. కృష్ణా నీళ్లు తాగి పెరిగిన పిల్లలు వీళ్లు, కాళ్లు చక్కగా ఉన్నాయి, పళ్లు తెల్లగా ఉన్నాయి, ప్రహరీ గోడ మీదికి పిల్లుల్లాగా ఎక్కుతున్నారు. గోడ దిగితే ఉరకడానికి కంపలు లేని నేల లేదు. మాకు నేల ఉండేది, కాళ్లు లేవు.

అప్పుడు గ్రూపులో ఒక పొడుగు మెసేజ్ పెట్టాను. సామాన్లు వద్దు, నెలకు తలా రెండొందలు వేద్దాం, అది ఆగకుండా రావాలి, అంతే అన్నాను. నలభై రెండు మందిలో ఇరవై ఏడు మంది వేస్తామన్నారు, నిజంగా వేస్తున్నది ఇరవై ఒకరు. ఆ నాలుగు వేల చిల్లరతో ఊళ్లోనే ఉండి డీఎస్సీకి చదువుకుంటున్న ఒక తమ్ముడిని, బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చేసినవాడిని, సాయంత్రాలు బడిలో ఆడించమని అడిగాం. పెట్రోలు, టీ ఖర్చులు తీసేస్తే అతనికి మిగిలేది తక్కువే. హెడ్‌మాస్టర్ గారి దగ్గర రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకున్నాం, ఆడపిల్లలు ఆడే రోజుల్లో ఒక టీచరమ్మో, పిల్లల తల్లుల్లో ఒకరో అక్కడ ఉండాలని కూడా అందులోనే రాసుకున్నాం. ఈ రెండో మాట మాలో కొందరికి నచ్చలేదు, "మనోళ్ల మీద మనకే నమ్మకం లేదా" అన్నారు. నమ్మకం సంగతి కాదు, నాకూ ఆడపిల్ల ఉంది. ఇక బీరువాలో బంతుల సంగతికి వస్తే, ఇవి వాడి అరగదీయడానికే ఇచ్చాం, అరిగితే మళ్లీ మేమే కొనిస్తాం అని ఒక కాగితం రాసి సంతకాలు పెట్టి ఇచ్చాం. ఆ కాగితం రిజిస్టర్లో అంటించుకున్నాక గానీ ఆయన మొహంలో బరువు దిగలేదు. మర్నాడే బీరువా తెరిచారు. డిస్కస్ మాత్రం ఇంకా టేబుల్ మీదే ఉంది, ఫ్యాన్ అట్లాగే తిరుగుతోంది కదా.

గ్రౌండుకు జేసీబీ మూడు గంటలు పట్టింది. కిరాయి మా బ్యాచ్‌లో ఒకాయన ఒక్కడే పెట్టుకున్నాడు, పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పట్లేదు. కంప పోయినా పల్లేరు కాయలు మిగిలాయి, వాటిని పిల్లలే ఏరారు. ఒక్కొక్కరు గుప్పెడు తేవాలని ఆ తమ్ముడు పందెం పెట్టాడట.

మొదటి నెల మగపిల్లలు ఎగబడి వచ్చారు. ఆడపిల్లలు నలుగురైదుగురు వచ్చి గోడ పక్కన నిలబడి పోయేవాళ్లు. మా గ్రూపులో పెద్ద చర్చ. ఊరి తల్లిదండ్రులు మారలేదని ఒకరు, సిగ్గని ఒకరు, టీవీ సీరియళ్లని ఇంకొకరు. నేను ఒక ఆదివారం టేపు మెడలో వేసుకుని పోయాను. కొలతలు తీసుకుంటానంటే పదిహేడు మంది వచ్చారు. కొలతలు తీస్తుంటే ఆడవాళ్లు నోరు విప్పుతారు, ఇది ఇరవై ఏళ్ల నా షాపు అనుభవం. ఒక ఎనిమిదో తరగతి పిల్ల చెప్పింది, యూనిఫాం రెండు జతలే, ఖోఖోలో మోకాళ్ల మీద కూర్చుని ఒక్కసారిగా లేచి ఉరికితే ప్యాంటు తొడల మధ్య కుట్టు పోతుందని, పోతే ఇంట్లో దెబ్బలని. ఇంకో పిల్ల తన చున్నీకి పెట్టుకున్న మూడు పిన్నీసులు చూపించింది, పడిపోతే గుచ్చుకుంటాయట. చివర్లో ఒక చిన్నపిల్ల నా చెవి దగ్గరికొచ్చి, "ఆంటీ, నల్ల రంగే కుట్టు, తెల్లది వద్దు" అంది. ఎందుకో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. తల్లిదండ్రులు మారాలి, సమాజం మారాలి అని మేం రెండు వారాలు గ్రూపులో కొట్టుకున్న విషయం మీటరున్నర బట్ట దగ్గర తేలిపోయింది.

హైదరాబాద్ పాతబస్తీలో మదీనా దగ్గర హోల్‌సేల్లో నల్ల ట్రాక్ ప్యాంటు బట్ట తెచ్చి పదిహేడు ప్యాంట్లు కుట్టాను. నడుముకు వెడల్పు ఎలాస్టిక్, తొడల మధ్య అడ్డంగా ఒక ముక్క వేసి డబుల్ కుట్టు, కుడివైపు లోతు జేబు. పైకి పొడుగు టీషర్టు, చున్నీ గొడవే లేదు. ఆ ముక్క వేయడానికి ప్యాంటుకు పావుగంట ఎక్కువ పడుతుంది, షాపులో కొన్నవాటికి అది ఉండదు. మరుసటి వారం పద్నాలుగు మంది గ్రౌండులో ఉన్నారు.

మండల ఖోఖో పోటీలకు పోయాం. స్కూల్ గేమ్స్ అంటే అండర్ 14, అండర్ 17 అని వయసు కాగితాలు, బోనఫైడ్, ఆధార్ జిరాక్సులు, అదొక పెద్ద పని, అది కూడా ఆ తమ్ముడే చూసుకున్నాడు. ఆటో కిరాయి, మధ్యాహ్నం భోజనం, అరటిపళ్లు, నీళ్ల క్యాన్లు అన్నీ కలిపి మాకైన ఖర్చు మా సమ్మేళనంలో డ్రోన్ కెమెరా కిరాయి కంటే తక్కువ. ఇది గ్రూపులో పెడితే ఎవరూ లైక్ కొట్టలేదు. మా పిల్లలు మొదటి ఆట గెలిచారు, రెండో ఆటలో గురుకులం పిల్లల చేతిలో చిత్తుగా ఓడారు. ఓడక ఏమవుతారు, వాళ్లు పొద్దునా సాయంత్రం కోచ్ దగ్గర ఆడేవాళ్లు, తిండి లెక్క ప్రకారం తినేవాళ్లు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో కాంస్యం తెచ్చిన అగసర నందిని గురుకులంలో చదివిన పిల్లే కదా. మా పిల్లలు వచ్చేటప్పుడు ఆటోలో ఏడ్చారు, మాల్ అనే ఊరి దగ్గర మిర్చి బజ్జీలు తిని ఏడుపు ఆపారు. ఖోఖోలో ఎనిమిది మంది ఒకరు అటు మొహం, ఒకరు ఇటు మొహం పెట్టి కూర్చోవాలి, తొమ్మిదో మనిషి తరమాలి, వీపు మీద చెయ్యి పడగానే లేవాలి. మా వాళ్లు "ఖో" వినగానే లేవడానికి ఒక క్షణం ఆలోచిస్తున్నారు, ఆ క్షణంలోనే ఆట పోయింది. అది తీసేయడానికి ఒక ఏడాది పడుతుందన్నాడు తమ్ముడు. ఏడాది అంటే మా చందా ఏడాది ఆగకుండా రావాలన్నమాట, నాకు అదే బుగులు.

ఎందుకంటే గొడవలు తక్కువ లేవు. మగవాళ్లలో సగం మందికి క్రికెట్ కావాలి. క్రికెట్ నాకూ ఇష్టమే, కానీ ఒక మంచి బ్యాటు పైసలకు ఖోఖో జట్టు ఒక సీజన్ నడుస్తుంది, పైగా 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచకప్‌లో మన ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరూ ఫైనల్లో నేపాల్‌ను ఓడించి గెలిచారు, ఇది ఊళ్లో ఎంతమందికి తెలుసు? సర్పంచ్ ఎన్నికల ముందు ఒక క్లాస్‌మేట్ పిల్లలందరికీ జెర్సీలు తనవే అన్నాడు, వీపు మీద తన ఫొటో ఉండాలన్నాడు. వద్దన్నాం. గ్రూపులోంచి వెళ్లిపోయాడు, ఆయనతో పాటు ఇద్దరు పోయారు. మునుగోడు ఉప ఎన్నిక చూసిన నియోజకవర్గం మాది, బడి మీదికి ఎన్నికలు ఎట్లా ఎక్కుతాయో మాకు తెలుసు. లెక్కలు మాత్రం నెలనెలా బడి నోటీసు బోర్డు మీద అంటిస్తున్నాం. పెద్ద మొత్తాలు వచ్చే బ్యాచ్‌లైతే ఏడుగురు సభ్యులతో సొసైటీ రిజిస్టర్ చేసుకోవచ్చు. హైదరాబాద్‌లో కంపెనీల్లో పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు తమ కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక సేవకు పెట్టే పైసలు) చూసే వాళ్లను కూడా అడగొచ్చు, గ్రామీణ క్రీడల శిక్షణ కంపెనీల చట్టం జాబితాలోనే ఉంది. మా స్థాయికి ఒక నోటుబుక్కు, ఒక బ్యాంకు ఖాతా చాలు.

ఇంకొకటి, ఎవరికీ పట్టని సంగతి. హైదరాబాద్ పక్కన హకీంపేటలో సర్కారు స్పోర్ట్స్ స్కూలు 1993 నుంచీ ఉంది. అందులో నాలుగో తరగతికి తీసుకుంటారు, ఎంపిక మండలం నుంచి మొదలై జిల్లా, రాష్ట్రం దాకా పోతుంది. 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, నిలబడి ముందుకు దూకడం, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం లాంటి పరీక్షలు పెడతారు. మన ఊళ్లలో మూడో తరగతి పిల్లలకు ఎవరైనా ఒక్కసారి టేపు పెట్టి దూకించి చూశారా? సర్కారు ప్రైమరీ బడుల్లో చాలాచోట్ల ఇద్దరు టీచర్లే, వాళ్లు చదువు చెప్పాలా దూకించాలా. ఈ పనికి పైసలు కూడా అక్కర్లేదు. ఊరికి వచ్చిన ఒక ఆదివారం పూర్వ విద్యార్థులు ఇద్దరు ఒక టేపు, ఒక ఫోను స్టాప్‌వాచ్, చిటికెడు సున్నం పట్టుకుని ప్రైమరీ బడికి పోతే చాలు. మా వాళ్లు రెండుసార్లు పోయారు. ఒక పిల్ల వాళ్ల క్లాసు మగపిల్లలందరి కంటే ముందుకు దూకింది, వాళ్ల నాన్న పని కోసం ముంబై పోయాడు, పాలమూరు లెక్కనే మా దిక్కు నుంచి కూడా పోతారు. ఫోన్‌లో ఆయనకు ఈ స్పోర్ట్స్ స్కూలు ఏమిటో, ఫీజు ఉంటుందో ఉండదో అర్థం చేయించడానికి మూడు కాల్స్ పట్టాయి.

పదో తరగతి వాళ్ల సంగతి వదిలేశాం. దసరా దాటిందంటే ఆటల పీరియడ్ గణితం సారు ఖాతాలో పడుతుంది, అక్కడ మా మాట సాగదు.

మీకు ఒక విన్నపం. సమ్మేళనాల ఫొటోలు వేయడం ఆపమనను, మా వాళ్లు ఆ పేజీ కత్తిరించి లామినేషన్ చేయించుకుంటారు. కానీ ఫొటో పంపిన బ్యాచ్ వాళ్లను మీ విలేకరి ఒక్క ప్రశ్న అడిగితే బాగుంటుంది, పోయినసారి మీ బడికి ఇచ్చింది ఇప్పుడెక్కడుంది అని. జవాబు కూడా ఆ ఫొటో కిందే రెండు లైన్లు వేయండి. మొదట మా బ్యాచ్‌నే అడగండి. వాలీబాల్ ఒకటి పగిలింది, రెండోది అతుకుతో ఆడుతున్నారు, నెట్టు మధ్యలో రెండుచోట్ల నేనే కుట్టాను, చందా కట్టని ఆరుగురి పేర్లు కావాలంటే అవి కూడా ఇస్తాను.

ఇట్లు,
ఒక పూర్వ విద్యార్థిని,
మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా